సద్దు చేయని డబ్బా

హనుమన్న స్క్రూడ్రైవరు మొనను హార్డ్‌డిస్కు మూతకు ఆనించి, దాని పిడిని చెవి ముందరి ఎముక మీద అదిమిపెట్టి కళ్లు మూసుకున్నాడు. వెనక గదిలో ఫ్యాను ఆపి చాలాసేపయింది. చెమట కణతల మీంచి దిగి చొక్కా కాలరులో ఇంకుతోంది. బల్ల మీద మూడు డిస్కులు, ఒక్కోదాని కింద మడత వేసిన తువ్వాలు ముక్క, మొన్నటి నుంచీ ఆగకుండా తిరుగుతున్నాయి. వాటికి పని తగలాలని పెద్ద పెద్ద సినిమాలు ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి ఎక్కిస్తూ, చెరిపేస్తూ, మళ్లీ ఎక్కిస్తూ ఉన్నాడు. చెడిపోయే డిస్కు చాలావరకు మొదటి రోజుల్లోనే చెడిపోతుందని, ఆ గండం దాటితే తర్వాత కొన్నేళ్లు మాట వింటుందని అతని నమ్మకం.

మొదటిది పాలు పొంగబోయే ముందు గిన్నెలో పుట్టే సద్దులాగా సన్నగా, ఒకే తీరుగా పలుకుతోంది. రెండోదీ అంతే. మూడోది కూడా మెత్తనిదే కానీ ఉండి ఉండి టిక్కుమంటోంది. పని లేనప్పుడు లోపలి ముల్లు పక్కకు పోయి పడుకుంటుంది, పని తగలగానే లేచి వస్తుంది. పగటిపూట అంగట్లో ఈ టిక్కు ఎవరికీ వినిపించదు. నిద్రపట్టని మనిషి తల దగ్గర పెడితే మాత్రం రాత్రంతా ఇంకో టిక్కు ఎప్పుడొస్తుందా అని చెవి దాని కోసమే కాచుకుంటుంది. హనుమన్న దాని తీగలు పీకి పక్కన పెట్టాడు.

మిగిలిన రెంటినీ తిరగేసి, అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, అంటించిన కాగితాలు దగ్గరగా చూశాడు. తయారైన నెలలు వేరువేరు. అదే కావలసింది. ఒకే నెలలో ఒకే చోట తయారైన జతకు లోపం ఉంటే రెంటికీ ఒకే లోపం ఉంటుంది, రెండూ ఒకేసారి పోతే జత పెట్టి లాభం లేదు.

"తేలిందా హనుమన్నా?" అని ముందరి అంగట్లోంచి గంగాధరం అడిగాడు.

"తేలింది శెట్టిగారూ. రెండు బాగుండాయి."

గంగాధరం ఆ అంగడి యజమాని. వాళ్ల నాయన కాలంలో అది పుస్తకాలు, కలాలు అమ్మే చోటు. కడప ఏడురోడ్ల కూడలి నుంచి లోపలికి పోయే సందులో ఇప్పటికీ సగం అరల్లో నోటుబుక్కులు, సగం అరల్లో కీబోర్డులు, మౌసులు కలిసే ఉంటాయి. గంగాధరం చెడ్డవాడు కాదు. ఉన్న సరుకు అమ్ముడుపోవాలని కోరుకునే మనిషి. అంగట్లో వేగంగా తిరిగే డిస్కులు ఇంకా ఉండగా, నెమ్మదిగా తిరిగేవి కావాలని హనుమన్న మద్రాసు డీలరుకు ఫోన్ల మీద ఫోన్లు చేసి బస్సులో పార్సిలు తెప్పించడం ఆయనకు వింతగా ఉంది. "ముసలామె చెవులకు సరిపోయే సరుకు యాడ దొరుకుతాదప్పా. మంచం ఇంకో గదిలో ఏస్తే పోయేదానికి" అని ఆ డిస్కులు పోయే ఇంటి అవ్వను గురించి నిన్న కూడా అన్నాడు. హనుమన్నకు వాదించే అలవాటు లేదు. ఫ్యాను ఆపుకొని వినడానికి కూర్చున్నాడు.

యాభై దగ్గరపడుతున్న మనిషి. పొడుగు చేతులు, వంగిన భుజాలు, చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి అలాగే గట్టిపడిపోయింది. చిన్నప్పుడు కుట్టిన చెవి పోగుల రంధ్రాలు పూడుకుపోయి రెండు చుక్కలు మిగిలాయి. ఏళ్ల తరబడి టంకం పొగ పీల్చి పీల్చి ఊపిరితో పాటు ఛాతీలోంచి సన్నటి పిల్లికూత వస్తుంది. అతనికి తప్ప ఇంకెవరికీ వినపడదని అతని అనుకోలు.

సొంతూరు ఆలూరు పక్కన పల్లె. వానను నమ్ముకున్న నల్లరేగడి చేను, ఆ చేనును నమ్ముకున్న నలుగురు అన్నదమ్ములు. చిన్నవాడైన హనుమన్నకు చేన్లో పని మిగల్లేదు. మేనమామ తీసుకుపోయి ఆదోనిలో ఒక రేడియో రిపేరు సాయిబు దగ్గర వదిలాడు. ఆ ఉస్తాదు మీటరు వాడనిచ్చేవాడు కాదు. "కాన్ లగాకే సున్ రే, అదే చెప్తాది దాని రోగం" అని రేడియోకు చెవి ఆనించమనేవాడు. హనుమన్న రేడియోలు నేర్చుకున్నాడు. ఆయన చనిపోయేసరికి రేడియోలు తగ్గి టేపురికార్డర్లు వచ్చాయి. అవి పూర్తిగా చేతికొచ్చేసరికి టీవీలు, తర్వాత వీసీఆర్లు, ఇప్పుడు కంప్యూటర్లు. నేర్చుకున్న ప్రతి పనీ కొన్నేళ్లకే పాతబడింది. అతను దేని గురించీ బాధపడలేదు. పాత పనిముట్లు సంచిలో అలాగే ఉంచుకుని కొత్తది నేర్చుకున్నాడు.

కడపకు రావడం భార్య వల్ల. హులిగెమ్మకు ఇక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంట పని దొరికింది. ఆమె వెంట ఇతను వచ్చాడు. పిల్లలు లేరు. హాస్టలు పిల్లలందరికీ వండి పెట్టి వచ్చిన ఆమె సాయంత్రం ఇంటిముందు కూర్చుని ఎవరు ఏమన్నారో, ఎవరు అన్నం వదిలేశారో చెబుతుంది. ఇతను వింటాడు. వినడంలో అతనికి సాటి లేదని ఆమే నవ్వుతూ అంటుంది.

పొద్దున ఇంకో రెండు పనులు చూశాడు. కాగితం ఇరుక్కున్న ప్రింటరు ఒకటి, చీమలు గూడు పెట్టిన మానిటరు ఒకటి. తర్వాత క్యారియరు విప్పి జొన్నరొట్టె, చెనక్కాయల పొడి, ఉల్లిగడ్డ తిన్నాడు. చేయి కడుక్కుని, రెండు డిస్కులనూ చెరొక తువ్వాలు ముక్కలో చుట్టి సంచిలో పెట్టి, మోపెడ్ తీశాడు.

అవి పోవలసింది మురళి ఇంటికి. మురళి పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. కడపలోనే కాక ప్రొద్దుటూరు, మైదుకూరు దాకా పేరున్నవాడు. పోయినేడాది ఎండాకాలం అతని కంప్యూటర్లో ఉన్న ఒక్క డిస్కూ వేడికి చచ్చిపోయింది. అందులో ఇంకా సీడీల్లోకి ఎక్కించని పెళ్లి ఒకటి ఉంది. హనుమన్న చేతనైనదంతా చేశాడు. డిస్కు లోపలి ముల్లు పళ్లెం మీద గీసుకుంటున్న సద్దు మొదటిసారి విన్నప్పుడే ఆశ లేదని అతనికి తెలిసింది. ఆ పెళ్లి జరిగిన కొన్నాళ్లకే పెళ్లికూతురి తండ్రి గుండెపోటుతో పోయాడు. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ, కాళ్లు కడుగుతూ ఉన్నది ఆ ఒక్క వీడియోలోనే. ఆ అమ్మాయి అడగడానికి వచ్చింది. గొడవ చేయలేదు. లేదని విని, అరుగు మీద కాసేపు కూర్చుని లేచి వెళ్లిపోయింది. ఆరోజు నుంచి మురళికి పట్టుదల వచ్చింది. ఏది తీసినా రెండు చోట్ల ఉండాలి. ఒక డిస్కు పోయినా ఇంకోదాంట్లో అచ్చంగా అదే ఉండాలి. హనుమన్ననే అడిగాడు. రెండు డిస్కులు పక్కపక్కన పట్టే డబ్బా ఒకటి, దానికి మిద్దె మీది కంప్యూటరు నుంచి తీగ. అది పగలూ రాత్రీ తిరుగుతూ తనంతట తానే రెండు ప్రతులు పెట్టుకుంటుంది.

చిక్కు వచ్చింది దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర. మురళి పనిచేసే గది మిద్దె మీద రేకుల గది. ఏసీ ఆపిన పది నిమిషాలకు కుంపటి. ముందరి గదికి పడమటి ఎండ నేరుగా కొడుతుంది. ఇంట్లో ఎండాకాలం కూడా చల్లగా ఉండేది నడిమిల్లు ఒక్కటే. మట్టి మిద్దె, మూరెడు మందం గోడలు, కింద కడప బండలు, గోడలో దీపం పెట్టుకునే పాతకాలపు గూడు. మిద్దె మీది కంప్యూటరుకు ఇచ్చిన ఇన్వర్టరు లైను ఆ గదికి కూడా ఉంది. డబ్బా ఆ గూట్లో కూర్చుంటే వేడి బాధ తీరుతుంది.

ఆ గదిలో మురళి వాళ్ల అవ్వ ఉంటుంది. ఓబులమ్మ. చూపు దాదాపు పోయింది. వెలుతురుకూ చీకటికీ తేడా మాత్రం తెలుస్తుంది. చెవులు మాత్రం చురుకు. పోయిన వారం అంగట్లో ఉన్న వేగం డిస్కులతో డబ్బా పెట్టి వెళితే, తెల్లారి ఆమె తల పట్టుకుని కూర్చుంది. తన తల కింద ఎవరో పిండిమర పెట్టినట్టుందని, రాత్రి కన్ను మూతపడలేదని చెప్పింది. మర్నాడూ అదే మాట. మురళి అవ్వ మీద ప్రేమ లేనివాడు కాదు. పని పెరిగి సతమతమవుతున్నాడు. ఆదివారం మంచం ముందరి గదిలోకి మారుద్దామన్నాడు. ఫ్యాను ఇంకొకటి పెడదాం, కిటికీకి వట్టివేళ్ల తడక కడదాం అన్నాడు. ఓబులమ్మ ఆ పూట అన్నం తినలేదట. ఈ సంగతి చెప్పింది మురళి తల్లి అనసూయమ్మ, డబ్బా ఆపడానికి పోయిన హనుమన్నకు తాగడానికి నీళ్లిస్తూ.

అప్పుడే హనుమన్న డబ్బా ఆపి గూట్లోనే ఉంచి, ఒక వారం గడువు అడిగాడు.

మోపెడ్‌ను వెనక సందులో వేపచెట్టు నీడన పెట్టి, ముందరికి తిరిగొచ్చి తలుపు కొట్టాడు. ఎండకు వీధిలో మనిషి లేడు. అనసూయమ్మ తలుపు తీసింది. మురళి ప్రొద్దుటూరులో పెళ్లికి పోయాడని, సాయంత్రానికి గానీ రాడని చెప్పింది. చేతులకు పిండి అంటుకుని ఉంది. వంటింట్లో వడియాల పిండి కలుపుతోందట. నువ్వు పోయి చూసుకో అన్నా అని లోపలికి వెళ్లిపోయింది.

ఓబులమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చిన్నగా ముడుచుకుపోయిన మనిషి. నెరిసిన జుట్టు వేలెడంత ముడి. ముక్కుకు ఎర్రరాయి బేసరి, దాని బరువుకు రంధ్రం కిందికి సాగింది. చేతులు మాత్రం ఒంటికి సరిపోనంత పెద్దవి, కణుపులు లావెక్కి.

"రేడియో అబ్బీ, నువ్వేనా?" అంది.

అతను చేసే పనికి ఆమె పెట్టుకున్న పేరు అది. కంప్యూటరని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు రేడియోనే.

"నేనే అవ్వా."

"ఇంగోటి తెచ్చినావా?"

"తెచ్చినా. ఇది నెమ్మదిది. ఒకసారి విని చెప్పు."

ఆమె తల ఊపింది. అతను గూట్లోంచి డబ్బా దించి, బండల మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. పాత డిస్కులు తీసేశాడు. కొత్తవి ఒక్కోటీ లోపలికి జరిపి, మరమేకులు వదులు కాకుండా, మరీ బిగుసుకోకుండా తిప్పాడు. పాత సైకిలు ట్యూబు ముక్కలు సంచిలో ఉన్నాయి. వాటిని కత్తిరించి డబ్బా నాలుగు కాళ్ల కిందా, వెనక గోడ తగిలే చోటా పెట్టాడు. సద్దు సగం డిస్కుదైతే సగం అది కూర్చున్న చోటుది. గూడు బోలుగా ఉంటుంది కాబట్టి కుండలాగా మోగుతుంది. ట్యూబు ముక్కలు ఆ మోతను మింగుతాయి. డబ్బాలోని చిన్న ఫ్యాను వేగం తగ్గించాడు. డిస్కులు వేడెక్కేవి కావు కనుక ఈ గదిలో అంత గాలి చాలు.

పని చేస్తుండగా ఆమె మాట్లాడుతూనే ఉంది. ఆమె పుట్టిల్లు పులివెందుల దగ్గర తుమ్మలపల్లె. పదమూడో ఏట ఈ ఇంటికి వచ్చిందట. అక్కడ ఇప్పుడు భూమిలోకి గని తవ్వుతున్నారని, వాళ్ల నాయన చెనక్కాయ వేసిన చేను కూడా అందులో పోయిందని తమ్ముడి కొడుకు వచ్చి చెప్పాడట. ఇదంతా ఎవరిదో సంగతిలాగా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"ఈ గదిలో నాకు గుడ్డితనం లేదు నాయనా. గోడ ఎమ్మడి పోతే పెరటి వాకిలి. కుండ యాడుండేది, గడప యాడుండేది నా చేతికి తెలుసు. అర్ధరాత్రైనా నా అంతట నేను పోయి వస్తా. ముందర గదిలో ఏస్తే దొడ్డికి పోవాలన్నా ఒకరిని లేపాల. రోజూ లేపాల. అనసూయ ఏమీ అనదు. అనకపోయినా నాకు తెలుస్తాది గదా."

హనుమన్న మరమేకు బిగించడం ఆపాడు. తర్వాత మళ్లీ తిప్పాడు.

డబ్బాను గూట్లోకి ఎక్కించి తీగలు తగిలించేసరికి కరెంటు పోయింది. మధ్యాహ్నపు కోత. పక్కింటి టీవీ ఆగిపోయింది. ఎదురింటి మోటారు ఆగిపోయింది. వీధి వీధంతా ఒక్కసారిగా అణిగిపోయింది. ఇన్వర్టరు మీద ఈ గదిలో ఫ్యాను మాత్రం తిరుగుతోంది. ఇంతకంటే మంచి సమయం రాదని హనుమన్న అనుకున్నాడు.

"అవ్వా, కొంచెంసేపు ఫ్యాను ఆపుతా."

"ఆపు. ఉడుకు నాకేం కొత్తనా."

ఫ్యాను ఆపాడు. రెక్కలు నెమ్మదించి నిలిచేదాకా ఆగి, డబ్బా మీట నొక్కాడు. ముందర చిన్న దీపాలు రెండు మినుకుమన్నాయి. లోపల డిస్కులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. మిద్దె మీదికి వెళ్లి కంప్యూటర్లో చేయవలసింది చేసి, పెళ్లిళ్లన్నీ తీగ వెంట కిందికి పోయేట్టు పెట్టి, మెట్లు దిగి వచ్చాడు. గుమ్మంలో నిలబడి విన్నాడు. గూటి దగ్గరికి పోయి విన్నాడు. ఓబులమ్మ తల కాస్త పక్కకు వంచి, నోరు కొద్దిగా తెరిచి కూర్చుని ఉంది.

కొంతసేపటికి ఆమే అంది. "ఇంగా పెట్టలేదా అబ్బీ?"

"పెట్టినా అవ్వా. తిరుగుతాండాది."

ఆమె కనుబొమలు దగ్గరపడ్డాయి. "నన్ను ఊరుకోబెట్టేదానికి చెప్తాండావా?"

హనుమన్న ఆమె చెయ్యి పట్టుకుని మంచం మీంచి లేపి, గూటి దాకా నడిపించి, ఆ పెద్ద అరచేతిని డబ్బా మీద పెట్టాడు. ఆమె వేళ్లు మెల్లగా విప్పుకున్నాయి. లోహం కింద గోరువెచ్చన, తెలిసీ తెలియనంత వణుకు.

"పిల్లి కడుపు మాదిరి ఉండాదే" అంది.

ఆమె ముఖం తేటపడింది. హనుమన్నకు మాత్రం అనుమానం తీరలేదు. గది పోతుందన్న భయంతో వినపడుతున్నా వినపడలేదని చెబుతోందేమో. అలా అయితే రేపటి నుంచి ఆమె నిద్ర లేకుండా, ఎవరికీ చెప్పుకోకుండా పడి ఉంటుంది. అది మంచం మార్చడం కంటే అన్యాయం. అడగడం ఎలాగో తెలియక, "అవ్వా, ఇప్పుడు నీకు ఏమేం వినపడ్తాండాయో చెప్పు" అన్నాడు.

ఓబులమ్మ మంచం మీదికి తిరిగొచ్చి కూర్చుని, చెప్పింది. వంటింట్లో అనసూయ గాజులు. పెరట్లో తొట్టి కింద చెమ్మకు చేరిన కోడి గోళ్లతో గీకడం. మిద్దె మీద రేకులు ఎండకు చిటుక్కుమనడం. ఆగింది. ఇతని వైపు ముఖం తిప్పింది.

"నీ ఎదలో పిల్లికూత. శానా దినాలదా?"

హనుమన్న ఉలిక్కిపడ్డాడు. అసంకల్పితంగా ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"శానా దినాలదే అవ్వా."

"చూపించుకో. మిరియాల కషాయం తాగితే పోయేది కాదు అది."

"చూపించుకుంటా."

"నీ డబ్బా మాత్రం వినపళ్లేదు" అంది ఆమె. "నిజంగానే చెప్తాండా."

అతనికి ఇక అనుమానం లేదు. ఆమె చెవులను ఎంతగా నమ్మాడంటే, పన్నెండేళ్లుగా భార్యకు కూడా చెప్పని తన ఆయాసం గురించి ఆ క్షణంలో సిగ్గుపడటం కూడా మర్చిపోయాడు.

"ఇంక నన్ను మార్చరు గదా?" అని ఆమె అడిగింది.

అక్కడే నిలబడి మురళికి ఫోను చేశాడు. అవతల మేళం, డోలు, మైకులో ఎవరో భోజనాలకు రమ్మని పిలుస్తున్న గొంతు. అవ్వకు వినపడలేదని, డబ్బా గూట్లోనే ఉంటుందని, మంచం తీయాల్సిన పని లేదని గట్టిగా రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మురళికి కూడా బరువు దిగినట్టే ఉంది. "సరే అన్నా, మంచం యాడికీ తియ్యం, అవ్వకు చెప్పు" అన్నాడు. హనుమన్న చెప్పాడు. ఆమె ఫ్యాను వేయమంది. వేశాడు. గోడవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుని, అరచేతిని గోడకు ఆనించుకుంది.

పెళ్లిళ్లన్నీ దిగేసరికి సాయంత్రమయ్యేట్టుంది. మొదటిసారి కనుక మధ్యలో ఆగిపోతే చూసుకోవడానికి మనిషి ఉండాలి. హనుమన్న గూటి కింద గోడకు వీపు ఆనించి బండల మీద కూర్చున్నాడు. బండ చల్లదనం పంచెలోంచి ఒంటికి ఎక్కింది. అనసూయమ్మ తొంగిచూసి, అత్త నిద్రపోవడం చూసి, ఫ్యాను గాలికి చెదిరిన ఆమె కొంగు సర్ది, మళ్లీ తన పని మీద వెళ్లింది. మంచం మార్చే మాట పుట్టినాక ఇప్పుడే నిద్రపోతాండాది అని గుసగుసగా అంది.

అతను చాలా ఇళ్లలో ఇలా కూర్చున్నాడు. టీవీ యాంటెన్నాలు తిప్పుతూ మిద్దెల మీద, వీసీఆర్ తలకాయలు తుడుస్తూ హాళ్లలో. పని అయ్యేదాకా ఉండి, అది నడవడం చూసి లేచిపోయేవాడు. మళ్లీ చెడితే పిలిచేవాళ్లు, చెడకపోతే మర్చిపోయేవాళ్లు. మర్చిపోవడమే తన పని బాగుందనడానికి గుర్తు అని అనుకునేవాడు. ఈరోజు ఒకామె తన పనిని చెవిపెట్టి విని, ఏమీ వినపడలేదని చెప్పింది. ఇన్నేళ్లలో ఎవరూ అలా చెప్పలేదు. ఈ సంగతి హులిగెమ్మకు ఎలా చెప్పాలా అని ఆలోచించాడు. చెబితే పిల్లికూత సంగతీ చెప్పాలి.

ఫ్యాను గాలి, ఎండ వేళ, కడుపులో జొన్నరొట్టె. కళ్లు మూతలు పడ్డాయి. కునుకు అనేంత కాదు. నిద్రలో కూడా అతని చెవులు పని చేస్తూనే ఉంటాయి. ఆ చెవుల్లో ఏదో ఒక సద్దు ఇంతసేపూ నడుస్తూ నడుస్తూ ఆగిపోయినట్టనిపించి కళ్లు తెరిచాడు.

డిస్కు ఆగిందనుకున్నాడు. మోకాళ్ల మీద లేచి గూటి వైపు చూశాడు. దీపాలు రెండూ మినుకుతున్నాయి. నమ్మలేక అరచెయ్యి డబ్బా మీద పెట్టాడు. వెచ్చగా, ఇందాకటిలాగే వణుకుతోంది. ఇంకో డిస్కు వైపు పెట్టాడు. అదీ తిరుగుతోంది. మరి ఆగిందేమిటి అని గదిలో నిలబడి విన్నాడు. ఫ్యాను ఉంది. వంటింట్లో గాజులు ఉన్నాయి. అతని ఛాతీలోది ఉంది.

మంచం వైపు తిరిగాడు.

ఓబులమ్మ పడుకున్నట్టే పడుకుని ఉంది. అరచెయ్యి గోడకు ఆనే ఉంది. "అవ్వా" అన్నాడు. ఇంకోసారి కాస్త గట్టిగా అన్నాడు. ముట్టుకోలేదు. గోడవైపు వంగి ముఖం చూశాడు. నోరు కొద్దిగా తెరిచి ఉంది, ఏదో వింటున్నట్టు. అతను వంటింటి గడప దాకా పోయి, "అమ్మా, చేతులు కడుక్కుని ఒకసారి రా" అన్నాడు.

అనసూయమ్మ వచ్చింది. అత్త పాదాలు పట్టుకుని చూసింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. మంచం పక్కన బండల మీద కూర్చుండిపోయింది. ఏడుపు వెంటనే రాలేదు.

"మధ్యాన్నం మజ్జిగన్నం తినింది గదన్నా" అంది. "వడియాలు ఎండినాక నాలుగు వేయించి పెట్టమనింది."

మురళికి ఆమే ఫోను చేసింది. పక్కిళ్ల ఆడవాళ్లు వచ్చారు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు వచ్చారు. హనుమన్న కూడా ఒక చెయ్యి వేశాడు. ఓబులమ్మను ముందరి గదిలోకి మోసుకుపోయి, చాప మీద తల దక్షిణానికి పెట్టి పడుకోబెట్టారు. ఆమె బరువేమీ లేదు. తల దగ్గర దీపం వెలిగించారు. మంచాన్ని పెరట్లోకి తీసుకుపోయి నిలబెట్టారు. ఓబులమ్మకు మరిది వరసయ్యే పెద్దాయన ఒకడు ఇల్లంతా తిరిగి టీవీ తీగ పీకాడు, నడిమింట్లో ఫ్యాను ఆపాడు, గూట్లో దీపాలు చూసి దాన్నీ ఆపబోయాడు.

"దాన్ని ఉండనీ మామా" అంది అనసూయమ్మ గుమ్మంలోంచి. "అది సద్దు చెయ్యదు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పెళ్లిళ్లన్నీ దిగిపోయాయి. దీపాలు రెండూ మినుకు ఆపి నిలకడగా నిలిచాయి. రెండు డిస్కుల్లోనూ ఒకటే ఉందని హనుమన్న మిద్దె ఎక్కి చూసి వచ్చాడు. అది చూడకుండా పోవడానికి అతనికి మనసొప్పలేదు. బండల మీద పడిన రబ్బరు తునకలు ఏరి, తువ్వాలు దులిపి, సంచి సర్దుకున్నాడు. అంతలో గంగాధరం ఫోను. పని అయిందా, ముసలామె ఏమనింది అని అడిగాడు. ఏమీ వినపడలేదనింది అని చెప్పాడు హనుమన్న. మిగతాది అంగడికి వచ్చి చెబుతానన్నాడు.

ముందరి గది నిండా జనం. ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లను దాటుకుని పోవడం ఇష్టంలేక, మోపెడ్ వెనక సందులోనే ఉంది కదా అని నడిమింట్లోంచే పెరటి వైపు నడిచాడు. గోడ వెంబడి పోయాడు. తలుపు దగ్గర చీకటిగా ఉంది. గడియ కోసం చెయ్యి చాపితే ఇనుము కంటే ముందు మెత్తటిదేదో తగిలింది. గడియ కొనకు పాత చీర పేలిక ఒకటి ముడేసి ఉంది. చేతి జిడ్డుకు నల్లబడి, నునుపెక్కి, వెతికే వేళ్లకు దొరికేటంత లావుగా ఉంది ఆ ముడి.